తాబేళ్లు అలవాటు పడవండీ, లైట్లే మనం మార్చాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ పేపర్లో పాఠకుల ఉత్తరాల్లో ఒకాయన రాశారు, చెన్నై బీచ్ రోడ్డు పొడుగునా ఇంకా పెద్ద లైట్లు పెట్టాలి, ఆడవాళ్లు రాత్రిపూట భయం లేకుండా నడవాలి, ఒడ్డున పుట్టే తాబేలు పిల్లలు లైట్లకి దారి తప్పుతాయని చెప్పి లైట్లు ఆపమనడం ఏంటి, ప్రకృతిలో ప్రతి జీవికీ పరిస్థితిని బట్టి మారే గుణం ఉంది కాబట్టి తాబేళ్లు కూడా నాలుగేళ్లలో అలవాటు పడిపోతాయి అని. ఆయన మంచి మనసుతోనే రాశారు. ఆడవాళ్ల భద్రత గురించి ఆయన అన్నది నేనూ ఒప్పుకుంటాను, తిరువాన్మియూరులో ఉంటాను, ఆ రోడ్డులో చీకటి పడ్డాక నడిచేదాన్నే. కానీ ఆ చివర్లో అన్నది మాత్రం వదిలెయ్యలేకపోతున్నానండీ, ఎందుకంటే నేను ప్లస్ టూ పిల్లలకి బయాలజీ చెప్తాను, ప్రతి ఏడూ క్లాసులో ఇదే వింటాను, బయట పెద్దవాళ్ల దగ్గర కూడా ఇదే వింటాను, చెట్టు కొట్టేటప్పుడు ఇదే, చెరువు పూడ్చేటప్పుడు ఇదే, "అవే సర్దుకుంటాయి లెండి" అని.

కొన్ని సర్దుకుంటాయి, నిజమే. మే నెల మిట్టమధ్యాహ్నం మన కాకుల్ని చూడండి, నోరు తెరుచుకుని రొప్పుతూ ఉంటాయి, పక్షులకి చెమట పట్టదు కాబట్టి గొంతులో తడి ఆవిరై వాటి ఒళ్లు చల్లబడుతుంది, అది శరీరం చేసే పని. కాకి అంతటితో ఊరుకోదు కదా, ఏసీ పైపులోంచి నీళ్లు కారే చోటు వెతుక్కుంటుంది, గూటికి పుల్లలు దొరక్కపోతే ఇనప తీగ ముక్కలు ఏరుకొస్తుంది, ఏ ఇంట్లో ఏ టైముకి అన్నం పెడతారో గుర్తు పెట్టుకుంటుంది. ఇదంతా నడవడి, తన బతుకులో తను నేర్చుకున్నది. నెదర్లాండ్స్‌లో లైడెన్ అనే ఊళ్లో ట్రాఫిక్ రొద ఎక్కువున్న చోట ఉండే గ్రేట్ టిట్ పిట్టలు తమ పాట కొంచెం పై శ్రుతిలో పాడుతున్నాయని 2003లో శాస్త్రవేత్తలు రాశారు, కింది శ్రుతి బండ్ల మోతలో కలిసిపోయి వినపడదు కాబట్టి. మనం ఊళ్లో రోజూ చూసేవి ఇలాంటి జంతువులే, కాకి, పావురం, ఎలుక, వీధి కుక్క. వాటిని చూసి అన్నీ ఇంతే అనుకుంటాం. సర్దుకోలేనివి ఊళ్లోంచి ఎప్పుడో పోయాయి, అవి కళ్లకి కనపడవు కాబట్టి లెక్కలోకి రావు, అంతే.

ఇంక రెండో రకం మార్పు ఉంది, అది ఒక్క జంతువు చేసుకునేది కాదు, తరాలు మారితే వచ్చేది. ఇంగ్లండులో పెప్పర్డ్ మాత్ అని రాత్రిపూట తిరిగే రెక్కల పురుగు ఒకటి ఉంది, తెల్లటి రెక్కల మీద నల్ల చుక్కలు. ఫ్యాక్టరీల మసికి చెట్ల మానులు నల్లబడ్డాక ఈ తెల్ల పురుగులు పిట్టలకి ఇట్టే కనపడిపోయేవి. 1848లో మాంచెస్టర్ దగ్గర నల్ల రెక్కలది ఒకటి దొరికింది, 1895 కల్లా అక్కడ నూటికి 98 నల్లవే. పుస్తకంలో చదివితే పురుగు రంగు మార్చుకుంది అన్నట్టు ఉంటుంది, పిల్లలు పరీక్షలో కూడా అలాగే రాస్తారు, నేను కొట్టేస్తాను. ఏ పురుగూ రంగు మార్చుకోలేదండీ. తెల్లవాటిని పిట్టలు తినేశాయి, నల్లవి మిగిలి గుడ్లు పెట్టాయి, ఆ గుడ్లలోంచి నల్లవే వచ్చాయి. అంటే ఆ జాతి సర్దుకుంది అని మనం ఒక్క ముక్కలో చెప్పేదాని వెనక లెక్కలేనన్ని చావులు ఉన్నాయి, పైగా ఆ నల్ల రంగు ముందే ఎక్కడో ఒకదానిలో ఉండబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడ ఆ జాతే పోయేదేమో. ఆ పురుగుకి ఏడాదికి ఒక తరం, అంటే 1848 నుంచి 1895కి నలభై ఏడు తరాలు.

ఇప్పుడు మన ఆలివ్ రిడ్లీ తాబేలు దగ్గరికి రండి. అది గుడ్లు పెట్టే వయసుకి రావడానికే పది పదిహేనేళ్లు పడుతుంది, నలభై ఏడు తరాలంటే సుమారు ఐదు నుంచి ఏడు వందల ఏళ్ల మాట. ఆయన రాసిన నాలుగేళ్లు ఎక్కడ, ఇది ఎక్కడ.

ఆ తాబేలు ఒళ్లు ఎలా పని చేస్తుందో కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే విషయం అంతా అందులోనే ఉంది. జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఆడ తాబేళ్లు రాత్రిపూట మన ఒడ్డుకొస్తాయి, నీలాంగరై, తిరువాన్మియూరు, బెసంట్ నగర్, అటు పైన నెల్లూరు, విశాఖ, శ్రీకాకుళం, ఇంకా పైకి ఒడిశా గహీర్మాత దాకా మొత్తం తూర్పు తీరమంతా. సముద్రంలో వేల కిలోమీటర్లు తిరిగినా భూమి అయస్కాంత శక్తిని పసిగట్టి తాము పుట్టిన తీరం వైపే వస్తాయి. వెనక కాళ్లతో ఒకటిన్నర అడుగు లోతు గుంట తవ్వి నూరు, నూట పది గుడ్లు పెట్టి, పూడ్చి, మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోతాయి. ఒడ్డు మీద ఉన్నంతసేపూ కళ్లలోంచి నీళ్లు కారుతూ ఉంటాయి, చూసినవాళ్లు ఏడుస్తోంది అంటారు, అది ఉప్పు, సముద్రం నీళ్లతో లోపలికి పోయిన ఉప్పుని కళ్ల పక్కనుండే గ్రంథులు అలా బయటికి పంపేస్తాయి.

ఆ గుడ్లు ఇసక వేడికే పొదగబడతాయి, నలభై ఐదు నుంచి అరవై రోజులు. ఆడో మగో తేల్చేది కూడా ఆ ఇసక వేడే, మనకిలాగా క్రోమోజోములు కాదు. 29, 30 డిగ్రీల దగ్గర సగం సగం, అంతకన్నా చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ, వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ, మరీ వేడెక్కితే గుడ్డులోనే చచ్చిపోతాయి. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పచ్చ తాబేళ్ల పిల్లల్లో నూటికి 99 ఆడవే అని 2018లో తేలింది. తల్లి తాబేలు చేయగలిగేది ఏముంది చెప్పండి, నీడ పందిరి వెయ్యలేదు కదా. ఒక నెల ముందుగా రావడం, ఇంకో చోట గుడ్లు పెట్టడం లాంటివి కొంత వరకు జరగొచ్చు, కానీ ఇంకో చోట ఎక్కడుంది, ఒడ్డు పొడుగునా మనమే ఉన్నాం.

పిల్లలు గుడ్డు పగలగొట్టుకున్న వెంటనే పైకి రావు, ఇసక పైపొర చల్లబడేదాకా కిందే ఆగుతాయి, అందుకే దాదాపు ఎప్పుడూ రాత్రే బయటపడతాయి. బయటికి రాగానే వాటికి తెలిసింది ఒక్కటే, ఎటు వైపు ఆకాశం కింది అంచు ఎక్కువ వెలుగుగా ఉంటే అటు పరిగెత్తడం. మనుషులు లేని ఒడ్డున అది ఎప్పుడూ సముద్రమే, చుక్కల వెలుగు నీళ్ల మీద పడి మెరుస్తుంది, వెనక చెట్లూ ఇసక దిబ్బలూ చీకటిగా ఉంటాయి. ఇది నేర్చుకున్నది కాదు, నేర్పడానికి తల్లి అక్కడ లేదు, కంట్లో వెలుగు పడితే కాళ్లు అటు కదులుతాయి, అంతే. నీళ్లలో దిగాక అలలకి ఎదురు ఈదుతాయి, తర్వాత అయస్కాంత శక్తిని పట్టుకుంటాయి, సుమారు ఒక రోజు ఆగకుండా ఈదుతాయి, ఎందుకంటే ఒడ్డు దగ్గర చేపలూ పక్షులూ కాచుకుని ఉంటాయి. ఆ ఈత అంతటికీ బలం పొట్టలో మిగిలిన పచ్చసొనే, దారి ఖర్చుకి కొలిచి ఇచ్చిన డబ్బు లాంటిది. మన హోటల్ బోర్డు వైపో వీధి దీపం వైపో తిరిగి రోడ్డు దాకా పాకితే ఆ డబ్బు రోడ్డు మీదే అయిపోతుంది. బండి కింద పడకపోయినా, కుక్క పట్టకపోయినా, ఎవరో పుణ్యాత్ములు తెచ్చి నీళ్లలో వదిలినా, ఈదడానికి అందులో సత్తువ మిగలదు. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదవుతుంది అంటారు, ఆ ఒకటి ఇందులో పోతే?

అలవాటు పడటం ఇక్కడ ఎలా కుదురుతుందో ఆయనే చెప్పాలి. పుట్టిన మొదటి గంటలో చేసే పని అది, రెండో అవకాశం లేదు. తప్పు చేసిన పిల్ల బతికుంటేనే కదా నేర్చుకునేది.

ఇంకోటి, ఊపిరి. తాబేలు బతుకంతా సముద్రంలోనే అయినా దానికి ఉన్నవి మనలాంటి ఊపిరితిత్తులే, పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. నెమ్మదిగా ఉన్నప్పుడు చాలాసేపు లోపల ఉండగలదు, గుండె నిదానంగా కొట్టుకుంటుంది, కానీ ట్రాలర్, అంటే పెద్ద వలని వెనక లాక్కెళ్లే మోటారు బోటు, దాని వలలో చిక్కుకుని కొట్టుకుంటే ఒంట్లో ఉన్న ఆక్సిజన్ తొందరగా అయిపోతుంది, మునిగి చచ్చిపోతుంది. 2025 జనవరిలో చెన్నై ఒడ్డుకి వందల కొద్దీ తాబేళ్ల శవాలు కొట్టుకొచ్చినప్పుడు మీ పేపర్లోనే ఫొటోలు వేశారు, మా పిల్లలు క్లాసుకి కటింగులు తెచ్చారు. తమిళనాడులో ట్రాలర్లు ఒడ్డు నుంచి 5 నాటికల్ మైళ్ల లోపల వేటాడకూడదని చట్టం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కూడా ఉంది, కానీ అది చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి పెట్టింది, తాబేళ్లు వచ్చేది అంతకు ముందే కదా, నిషేధం మొదలయ్యేసరికి వాటి సీజన్ దాదాపు అయిపోతుంది. ఒడిశాలో నవంబర్ 1 నుంచి మే 31 దాకా తాబేళ్లు వచ్చే చోట్ల విడిగా నిషేధం పెడతారు. వలలో ఏటవాలుగా ఒక ఇనప చట్రం బిగిస్తే చేపలూ రొయ్యలూ దాని సందుల్లోంచి వల చివరికి పోతాయి, తాబేలు దానికి తగిలి పైనున్న సందులోంచి బయటపడుతుంది, మన కొచ్చిలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిషరీస్ టెక్నాలజీ వాళ్లు మన బోట్లకి సరిపోయేది తయారు చేశారు కూడా. జాలర్లని తిట్టడానికి ఇది రాయట్లేదు, కొన్ని చేపలు ఆ సందులోంచి పోతాయని వాళ్ల బాధ, ఆ నష్టం ఒక్క వాళ్ల నెత్తినే వెయ్యడం న్యాయం కాదు, సర్కారు కొంత భరించాలి.

చెట్ల సంగతి కూడా రాయాలి, ఎందుకంటే చెట్టు కనీసం పారిపోలేదు కూడా. చెట్టుకి నడవడి లేదు అనుకుంటారు గానీ ఉందండీ, నిద్రగన్నేరు సాయంత్రం అయ్యేసరికి ఆకులు ముడుచుకుంటుంది, ఆకు మొదట్లో ఉండే చిన్న బుడిపెలో నీళ్లు ఒక పక్క కణాల్లోంచి ఇంకో పక్కకి పోతే ఆకు వాలుతుంది. చింత కూడా అంతే. వేప ఎండలు ముదరకముందే పాత ఆకులు రాల్చేసి చివురు వేస్తుంది. ఎండ మండితే ఆకుల మీది సన్నటి రంధ్రాలు చాలావరకు మూసుకుంటాయి, నీళ్లు పోకుండా. కలబంద, బ్రహ్మజెముడు లాంటివైతే ఆ రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుస్తాయి, రాత్రి గాలి తీసి దాచుకుని పగలు వెలుగులో ఆహారం చేసుకుంటాయి, నాకు పాఠాల్లో అన్నిటికన్నా ఇష్టమైన పాఠం అది. ఇన్ని చేతనైన చెట్టుకి చేతకానిది ఒక్కటే, వేరుకి గాలి లేకుండా బతకడం. వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది, మట్టిలో సందుల్లో ఉన్న గాలే దానికి ఆధారం. మా వీధిలో ఫుట్‌పాత్ వేసినవాళ్లు కానుగ చెట్టు మాను చుట్టూ వేలు దూరే సందు లేకుండా సిమెంటు పోసి వెళ్లారు, మళ్లీ ఏడాది తిరక్కుండా కేబుల్ కోసం ఒక పక్క వేర్లు నరికారు. 2016 డిసెంబర్ 12న వర్దా తుఫాను వచ్చినప్పుడు చెన్నైలో వేల చెట్లు పడిపోయాయి, అందరూ గాలిని అన్నారు. పడినవాటిలో బయటి నుంచి తెచ్చిన గుల్మొహర్, పచ్చ తురాయి లాంటివి చాలా ఉన్నాయి, పూలు బాగుంటాయని రోడ్ల పక్కన నాటినవి. మన తాటి చెట్టు చూడండి, తల్లి వేరు లేదు, సన్నటి పీచు వేర్లు గుత్తిగా భూమిని పట్టుకుంటాయి, మాను గాలికి వంగి మళ్లీ లేస్తుంది, తుఫాన్ల తీరంలో ఆ ఒళ్లు దానికి బాగా పనికొస్తుంది. అడయారు థియోసాఫికల్ సొసైటీలో ఉన్న పెద్ద మర్రి అసలు మాను 1989లో గాలివానకి పడిపోయింది, అయినా చెట్టు ఇప్పటికీ ఉంది, ఊడలు నేలలో దిగి అవే మానులైపోయాయి కాబట్టి. ఊడ దిగడానికి కింద మట్టి ఉంది కాబట్టి. అదే మర్రి మన ఫుట్‌పాత్ మీద ఉంటే ఊడ ఎక్కడ దిగాలి, టైల్స్ మీదా?

మడ చెట్ల గురించి రెండు ముక్కలు చెప్పి ఆపుతాను. అడయారు నది సముద్రంలో కలిసే చోట మడ చెట్లు ఉన్నాయి, మన కాకినాడ కోరింగలో ఉన్నలాంటివే. బురదలో గాలి ఉండదు కాబట్టి వేర్లే బురదలోంచి నిటారుగా పైకి లేచి గాలి పీలుస్తాయి, నీళ్లలో ఉప్పుని చాలావరకు వేరు దగ్గరే ఆపేస్తాయి, లోపలికి పోయింది ఆకు మీదకి తోసేస్తాయి, ఆకు నాకితే ఉప్పగా ఉంటుంది. ఇంత కష్టమైన చోట బతకడం నేర్చిన చెట్టు, దాని ఊపిరి వేర్ల మీద ఒక లారీ రాళ్లూ మట్టీ పోస్తే మాత్రం ఊపిరాడక చచ్చిపోతుంది. ఉప్పుకి తట్టుకుంటుంది కాబట్టి చెత్తకి కూడా తట్టుకుంటుంది అనుకోవడం తప్పు.

మా పుస్తకాల మీద కూడా నాకు ఒక కంప్లైంట్ ఉంది, ఈ పాఠం అనగానే ఒంటె, ధ్రువపు ఎలుగుబంటి, ఎడారి ఎలుక. చెన్నైలో చదివే తెలుగు పిల్లకి ఒంటె మూపురంలో ఉన్నది నీళ్లు కాదు కొవ్వు అని తెలుసు, తన ఇంటికి కిలోమీటరు దూరంలో రాత్రి గుడ్లు పెట్టే తాబేలు గురించి తెలియదు. ఒంటె పాఠం వద్దనను, పక్కన ఇది కూడా ఉండాలి.

ఇక ఆ ఉత్తరం రాసినాయన అడిగినదానికి. ఆడవాళ్ల భద్రతకీ తాబేళ్లకీ పోటీ పెట్టాల్సిన పని లేదండీ. మనకి వెలుగు కావాల్సింది నడిచే చోట, ఇసక మీద కాదు. లైటు స్తంభం పొట్టిగా ఉండి, పైన టోపీలాగా మూత ఉండి, వెలుగు కిందకి ఫుట్‌పాత్ మీదే పడి సముద్రం వైపు కనపడకుండా ఉంటే చాలు. తెల్లటి, నీలి ఛాయ ఎల్ఈడీలు తాబేలు పిల్లల్ని బాగా లాగుతాయి, కాషాయం, ఎర్ర ఛాయవి తక్కువ లాగుతాయి, జనవరి నుంచి మే దాకా బీచ్ రోడ్డులో ఆ రంగు బల్బులు వాడొచ్చు. ఇసక మీదకి తిప్పి పెట్టిన పెద్ద ఫ్లడ్ లైట్లు మాత్రం రాత్రి పదకొండు తర్వాత ఆపాల్సిందే, ఆ టైములో అక్కడ వాటి అవసరం ఉన్న మనిషి ఎవరూ ఉండరు. సముద్రం వైపు కిటికీలున్న అపార్ట్‌మెంట్ల వాళ్లు ఆ నాలుగైదు నెలలు పరదాలు వేసుకుంటే చాలు, హోటళ్ల వాళ్లు డాబా మీది బోర్డు లైటు ఆపితే చాలు. చెట్లకి కూడా అంతే, 2013లో ఢిల్లీలో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ ప్రతి చెట్టు చుట్టూ ఒక మీటరు కాంక్రీటు తీసెయ్యమంది, మన దగ్గర కొత్త ఫుట్‌పాత్ వేసే ప్రతి టెండర్లో ఆ మీటరు రాయించాలి, నాటేటప్పుడు వేప, కానుగ, పొన్న, తాటి లాంటివి నాటాలి.

బెసంట్ నగర్, నీలాంగరై వైపు విద్యార్థులు 1988 నుంచి ఈ పని చేస్తున్నారు, స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అని, సీజన్ అంతా రాత్రుళ్లు ఒడ్డు పొడుగునా నడిచి గుడ్లు ఏరి హ్యాచరీలో, అంటే కంచె కట్టి కాపాడే ఇసక చోటులో పూడ్చి, పిల్లలు వచ్చాక నీళ్ల దగ్గర వదులుతారు. వారం చివర్లో మామూలు జనాన్ని కూడా వెంట తీసుకెళ్తారు. ఆ ఉత్తరం రాసినాయన ఈ సీజన్‌లో ఒకసారి వాళ్లతో నడవాలని నా కోరిక, ఆయనతో వాదన గెలవాలని కాదు, ఆయన పెన్ను బలం ఇటు వైపు కావాలని. మీకు కూడా ఒక రిక్వెస్ట్ ఎడిటర్ గారూ, జనవరి మొదటి వారం నుంచి చెన్నై పేజీలో ఒక మూల చిన్న బాక్స్ వెయ్యండి, "తాబేళ్ల సీజన్, సముద్రం వైపు లైట్లు రాత్రి పదకొండుకి ఆపండి" అని, ఏప్రిల్ దాకా రోజూ. మీ పేపరు తెప్పించుకునే తెలుగువాళ్లు ఇక్కడి ఈస్ట్ కోస్ట్ రోడ్డు పొడుగునా చాలామందే ఉన్నారు.

ఇట్లు,
ఒక బయాలజీ టీచర్,
తిరువాన్మియూరు, చెన్నై